సరకు పేరున దేశమును పిలువదగునా?

ఐరోపా నావికులు వ్రాసికొనిన పాత పటములలో పశ్చిమాఫ్రికా తీరము నాలుగు ముక్కలుగా కానవచ్చును. ఒక ముక్కకు గింజల తీరమనియు, రెండవదానికి దంతపు తీరమనియు, మూడవదానికి బంగారు తీరమనియు, నాల్గవదానికి బానిసల తీరమనియు వారు పేళ్లు పెట్టిరి. మొదటి తీరపు గింజలు మిరియముల వంటి యొక సుగంధద్రవ్యము. నాల్గవ తీరపు సరకు మనుష్యులు. ఆ భూమిపై నివసించిన జనులు తమ్ము దాము ఏమని పిలుచుకొనిరో, వారి యూళ్ల పేళ్లేవో, వారి రాజులెవ్వరో ఆ పేళ్లను బట్టి యెవ్వరికిని తెలియదు. ఓడలోనికి ఏమి యెక్కించుకొనవచ్చునో యదియే దేశమునకు పేరయ్యెను.

ఆ నాల్గింటిలో బంగారు తీరమనబడినదే నేటి ఘనా దేశము. ఆ పటములు చెల్లిపోయినవి. కాని వానిని వ్రాసిన చూపు చెల్లిపోలేదని మా యభిప్రాయము. మన పాఠశాలలలో విద్యార్థులు ఘనాను గూర్చి యేమి నేర్చుచున్నారు? ముఖ్యపట్టణము అక్రా, నాణెము సీడి, పంట కోకో, ఖనిజము బంగారము. ప్రశ్నపత్రమున నాలుగు ఖాళీలు, నాలుగు మార్కులు. ఇందులో అబద్ధమొక్కటియు లేదు. అయినను ఇది పాత నావికుని పట్టికయే గాని దేశపరిచయము గాదు. వింత విషయములను ప్రోగుచేయుట తప్పని మేమనము. ఆ వింత వెనుక నున్న మనుష్యుని చూడక విడుచుటయే తప్పందుము. ఈ మాటను ఘనా దేశమునే యుదాహరణముగా గొని నిరూపింప బ్రయత్నింతుము.

ఘనా దేశపు వైశాల్యము సుమారు 2,38,500 చదరపు కిలోమీటరులు. అనగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును గలిసినంతకంటె కొంచెము చిన్నది. 2021 జనాభా లెక్కలలో అచటి జనసంఖ్య సుమారు 3 కోట్ల 8 లక్షలు. గ్రీనిచ్ నుండి దిగివచ్చు సున్న రేఖాంశము అక్రాకు చేరువనున్న తేమా రేవుపట్టణము మీదుగా పోయి సముద్రమున గలియును. భూగోళపు గీతలను బట్టి చూచిన, ప్రపంచమునకు నట్టనడుమ నున్న దేశమని చెప్పదగినది.

1957 మార్చి 6వ తేదీన ఆ దేశము బ్రిటిషువారి పాలన నుండి విముక్తి గాంచెను. సహారా యెడారికి దక్షిణమున వలస పాలనను ముందుగా వదల్చుకొనిన దేశములలో నదియొకటి. నాయకుడైన క్వామె ఎన్‌క్రూమాయు, ఆయన సహచరులును మొదట చేసిన పనులలో నొకటి పేరు మార్చుట. బంగారు తీరమను సరకు పేరును త్రోసివైచి, వేయి సంవత్సరముల క్రిందట వర్ధిల్లిన ఘనా సామ్రాజ్యపు పేరును గ్రహించిరి. ఆ ప్రాచీన సామ్రాజ్యము నేటి దేశపు భూమిపై నుండినది కాదు. వాయవ్యముగా వందలకొలది మైళ్ల యవతల, నేటి మాలి, మౌరిటేనియా దేశముల ప్రాంతమున నుండెను. చరిత్రకారులు కొందఱు దీనిని పట్టి ఆక్షేపింతురు. మాకు మాత్రము ఇందు విశేషార్థము తోచుచున్నది. అమ్మకపు వస్తువుగా నుండనొల్లని జాతి, తన పూర్వులలో రాజ్యమేలినవారిని స్మరించుకొనుట యసహజము గాదు గదా.

ఇక బంగారము మాట. కుమాసి రాజధానిగా నేలిన అసాంతే రాజ్యమున బంగారపు పీట యొకటి కలదు. పదునెనిమిదవ శతాబ్దారంభమున ఒసెయ్ టూటూ రాజునకై ఒకొంఫొ అనొక్యె యను గురువు దానిని ఆకాశము నుండి రప్పించెనని వారి యైతిహ్యము. ఆ పీటపై రాజు సైతము కూర్చుండడు. ఏలయన జాతి యాత్మ యందున్నదని వారి విశ్వాసము. 1900వ సంవత్సరమున బ్రిటిషు గవర్నరు హాడ్జ్‌సన్ కుమాసికి వచ్చి, ఆ పీటను తాను కూర్చుండుటకు తెమ్మని నిండుసభలో నడిగెను. బంగారపు వస్తువును మాత్రమే యాతడు చూచెను. రాజగు ప్రెంపే అప్పటికే బందీయై యుండెను. అప్పుడు ఎజిసు పట్టణపు రాజమాత యగు యా అసంతెవా యుద్ధమునకు నాయకత్వము వహించెను. ఆమె యోడి, సీషెల్స్ ద్వీపములకు పంపబడి, 1921లో నచటనే మృతినొందెను. పీట మాత్రము బ్రిటిషువారి చేతికి చిక్కలేదు.

పీట దక్కినను తక్కినవి దక్కలేదు. 1874లోనే బ్రిటిషు సేన కుమాసిని దోచి, కాల్చి, రాజాభరణములను లండనుకు గొనిపోయెను. నూటయేబది యేండ్ల పిమ్మట 2024లో అచటి రెండు ప్రసిద్ధ వస్తుప్రదర్శనశాలలు 32 వస్తువులను కుమాసికి పంపినవి. పంపినది తిరిగి యిచ్చుటకు గాదు, మూడేండ్ల యెరువుగా! అదే సంవత్సరమున అమెరికాలోని యొక విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాల ఏడు వస్తువులను శాశ్వతముగా నిచ్చివేసెను. తన యింటి సొమ్మును తానే యెరువు దెచ్చుకొనవలసి వచ్చుట ఎట్టిదో చదువరులే యూహింతురుగాక. ‘ఖనిజము: బంగారము’ అని వ్రాయు విద్యార్థికి ఈ కథ తెలియవలదా?

తీరమున నిలిచియున్న కోటలు వేఱొక కథను చెప్పును. ఎల్మినా కోటను పోర్చుగీసువారు 1482లో బంగారపు వర్తకమునకై కట్టిరి. 1637లో దానిని డచ్చివారు వశపఱచుకొనిరి. బంగారము దాచుటకు గట్టిన కొట్లలో పిమ్మట మనుష్యులను కుక్కిరి. కేప్‌కోస్టు కోటలో పురుషులను బంధించిన చీకటికొట్టుకు సరిగా పైభాగముననే ప్రార్థనామందిరము నడచెను. పైన స్తోత్రములు, క్రింద సంకెలలు. క్రైస్తవ పాఠశాలలలో జదువువారు ఈ సంగతిని దాటిపోరాదు. ఇది మన మతమునకు శత్రువులు కల్పించినది గాదు, రాతిగోడలు చెప్పు సాక్ష్యము. ఆఫ్రికా రాజులును వర్తకులును గొందఱు ఆ వ్యాపారమున పాలుగొని ధనము గడించిరనుటయు సత్యమే. సత్యమును సగము చెప్పుట మాకిష్టము గాదు. 1979లో ఈ కోటలు ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడినవి. అమెరికా ఖండమున దేలిన బానిసల సంతతివారిని 2019లో ఘనా ప్రభుత్వము ‘తిరిగివచ్చు సంవత్సర’మని ప్రకటించి యాహ్వానించెను, పలువురు వచ్చి, తమ పూర్వులు కడపటిసారి దాటిన ద్వారమును జూచి కన్నీరు విడిచిరి.

అటుపిమ్మట కోకో. చాకొలేటునకు మూలమగు ఈ చెట్టు ఆఫ్రికాకు జెందినది గాదు. దక్షిణ అమెరికా నుండి వచ్చినది. టెట్టే క్వాషీ యను కమ్మరి 1879లో ఫెర్నాండో పో ద్వీపము నుండి గింజలు దెచ్చి మాంపాంగు గ్రామమున నాటెనని ఘనావారు కృతజ్ఞతతో చెప్పుకొందురు. ముప్పది రెండేండ్లు తిరుగునప్పటికి, 1911 నాటికి, బంగారు తీరము ప్రపంచమున కెల్ల కోకో పండించుటలో ప్రథమస్థానమును పొందెను. ఈ పని చేసినది తెల్లదొరల తోటలు గావు. రెండు మూడెకరములు మొదలుకొని భూమిని సంపాదించి, అడవి నఱికి, చిన్న చిన్న తోటలు వేసికొనిన యాఫ్రికా రైతులు. కాయను కత్తితో గోసి, పగులగొట్టి, తెల్లని గుజ్జుతో గూడిన గింజలను అరటియాకులలో గప్పి ఆఱు దినములు మాగబెట్టి, పిమ్మట తడికలపై ఎండబోసి, పదేపదే త్రిప్పుచుందురు. మాగబెట్టనిదే గింజకు చాకొలేటు వాసన రాదు. అనగా ఆ రుచి యంత్రశాలలో బుట్టలేదు. రైతు పెరటిలోనే పుట్టినది.

అయినను ధర నిర్ణయించు శక్తి యా రైతునకు లేకపోయెను. 1937లో ఐరోపా కంపెనీలు కూటమి గట్టి కొనుగోలు ధరను తగ్గింపజూడగా, రైతులందఱు ఏకమై సరకు అమ్ముట మానిరి. విదేశపు వస్తువులను గొనుటయు మానిరి. నెలల తరబడి బస్తాలు కదలలేదు. 1938లో బ్రిటిషు ప్రభుత్వము విచారణ సంఘమును పంపవలసి వచ్చెను. మన దేశమున విదేశీవస్తు బహిష్కారమును గూర్చి చదివిన విద్యార్థులు, అట్టి ధైర్యమునే కోకో రైతులు చూపిరని యెఱుగుట మేలు.

ఈనాడు కోకో పండించుటలో ఐవరీకోస్టు పిమ్మటి స్థానము ఘనాదే. 2024 డిసెంబరులో ప్రపంచ విపణిలో టన్ను కోకో ధర 12,000 డాలరులను మించెను. రైతులందఱు ధనవంతులైరని తలంతుమా? ఆ లాభమున నధికభాగము వారికి ముట్టలేదు. ఘనాలో రైతునకు చెల్లించు ధరను ప్రభుత్వ సంస్థ ముందుగా నిర్ణయించును. పంటను ముందుగనే బేరమాడి అమ్మివేయును. చెట్లకు వాపుకొమ్మ తెగులను వైరసు వ్యాధి సోకి దిగుబడి తగ్గినది. 2025లో ధర మరల దిగజాఱెను. ఇది దూరదేశపు సంగతి యని విడువరాదు. భారతదేశమున కోకో పండించు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ మొదటిది. గోదావరి ప్రాంతపు కొబ్బరితోటల నీడలో కోకో పెరుగుచున్నది. ఆ రైతులును 2025లో న్యాయమైన ధర కొఱకు ఆందోళన చేసిరి. కుమాసి రైతును, ఏలూరు రైతును ఒకరి మొగము నొకరు చూచి యెఱుగరు; కాని వారి బస్తాల వెల యొకే విపణిలో నిర్ణయమగుచున్నది. మనకు చుట్టఱికము లేదని యెట్లందుము?

వోల్టా నది కథయు నిట్టిదే. అకొసొంబో వద్ద గట్టిన యానకట్ట 1965లో పూర్తియయ్యెను. దాని వెనుక నేర్పడిన జలాశయము సుమారు 8,500 చదరపు కిలోమీటరులు. నేలను గప్పిన వైశాల్యమును బట్టి మానవుడు గావించిన చెఱువులలో మిక్కిలి పెద్దవానిలో జేరినది. సుమారు 80,000 మంది యిండ్లు విడిచి కొత్త యూళ్లకు బోయిరి. ఆ విద్యుచ్ఛక్తిలో పెద్దపాలు తేమాలోని అల్యూమినియం కర్మాగారమునకై యుద్దేశింపబడెను. విచిత్రమేమనగా, ఘనాలో అల్యూమినియం లోహమునకు మూలమగు బాక్సైటు సమృద్ధిగా నుండగా, ఆ కర్మాగారము సముద్రము దాటి వచ్చిన ముడిపదార్థమును కరగించుచుండెను. నీరు వారిది, ముంపు వారిది, అధికలాభము వేఱొకరిది. ఆనకట్టలు వలదని మేమనము. నాగార్జునసాగరమును, పోలవరమును ఎఱిగిన తెలుగువారు మాత్రము జలాశయపు విస్తీర్ణముతోబాటు ముంపు గ్రామముల లెక్కయు నడుగ నేర్వవలెను.

ఇప్పుడు ఆఫ్రికాలో బంగారము అధికముగా దీయు దేశము ఘనాయే. పెద్ద కంపెనీలు మాత్రమే గాక, ఉపాధి లేని యువకులును అనుమతి లేకుండ నేల త్రవ్వుచున్నారు. దీనికి ‘గలామ్సే’ యని పేరు. ‘ప్రోగుచేసి అమ్ముము’ అను నర్థము గల యింగ్లీషు మాటలు జనుల నోట నలిగి యిట్లయ్యెనందురు. పాదరసముతో బంగారమును వేఱుచేయుటచే ప్రా, ఒఫిన్, అంకొబ్రా నదులు బురదనీరై విషపూరితములగుచున్నవి. కోకో తోటలు గుంటలగుచున్నవి. 2017లో ప్రభుత్వము చిన్నతరహా గనులను కొంతకాలము నిషేధించెను. కీడు మాత్రము ఆగలేదు. ఐదువందల యేండ్లనాడు ఓడలను రప్పించిన బంగారమే నేడు త్రాగునీటిని చెఱుచుచున్నది. ఆ దేశపు పేరు మాఱినను, ఆ పాతపేరు విధించిన దుఃఖము తీఱలేదు.

ఇన్ని కష్టములను మాత్రమే చెప్పి ముగించిన మేమును అన్యాయము చేసినవారమగుదుము. ఘనాలో విద్యకు గొప్ప చరిత్ర కలదు. అచిమోటా పాఠశాల 1927లో ప్రారంభమయ్యెను. గవర్నరు గుగ్గిస్‌బర్గ్, ఫ్రేజరు, ఆఫ్రికా పండితుడగు అగ్రే యను మువ్వురు దానికి స్థాపకులు. నలుపు తెలుపు మీటలు రెండును మ్రోగిననే సంగీతము పొందిక యగునని అగ్రే చెప్పుచుండెడివాడు. అందుచేతనే ఆ పాఠశాల చిహ్నమున పియానో మీటలు నేటికిని గలవు. ఎన్‌క్రూమా యచటనే యుపాధ్యాయశిక్షణ ముగించెను. ప్రసిద్ధ రచయిత్రి యగు అమా అటా ఐడూ 1982లో విద్యామంత్రిణియై, విద్యను అందఱికిని ఉచితము చేయ సంకల్పించి, అది సాగదని తెలిసి పదవిని వదలెను. ముప్పదియైదేండ్లకు, 2017లో, ఉన్నత పాఠశాల విద్యకు రుసుము తొలగింపబడెను.

భాష మాటయు చెప్పవలెను. ట్వీ భాషకు క్రిస్టాలరు అను మిషనరీ 1881లో నిఘంటువును వెలువరించెను. అంతకుముందే 1879లో 3,600 సామెతలను సమకూర్చి ముద్రించెను. తెలుగునకు బ్రౌనుదొర చేసిన సేవను దలచుకొను మనకు దీని విలువ వేఱుగా జెప్పనక్కఱలేదు. బంగారము మాత్రమే కలదని నావికులు తలంచిన తీరమున వేలకొలది సామెతలు గలవు! బిడ్డ పుట్టిన వారమును బట్టి పేరు పెట్టుట అకాన్ జనుల యాచారము. శనివారము పుట్టిన మగబిడ్డ క్వామె, శుక్రవారము పుట్టినవాడు కోఫీ, గురువారము పుట్టిన ఆడుబిడ్డ యా. ఐక్యరాజ్యసమితికి 1997 నుండి 2006 వఱకు ప్రధానకార్యదర్శిగా నుండిన కోఫీ అన్నన్ శుక్రవారము పుట్టినవాడని పేరే చెప్పును. ఇదియు నొక వింతయే. కాని యిది సరకును గూర్చిన వింత గాదు, మనుష్యుని గూర్చినది.

‘ఇంతదూరపు దేశముతో మనకేమి పని? పరీక్షకు గావలసినంత చాలును’ అని కొందఱనవచ్చును. వారికి రెండు సంగతులు మనవి చేయుదుము. రెండవ ప్రపంచయుద్ధమున బంగారు తీరపు సైనికులు వేలకొలది భారతదేశము మీదుగా బర్మాకు వచ్చి, మన తూర్పు సరిహద్దున కాలదాన్ లోయలో పోరాడిరి. వారు స్వదేశమునకు మరలి, తమకు వాగ్దానము చేయబడిన సాయమునకై 1948 ఫిబ్రవరి 28న అక్రాలో గవర్నరుకు వినతిపత్రము నీయ ఊరేగింపుగా బయలుదేఱగా, పోలీసులు కాల్చిరి. మువ్వురు మాజీసైనికులు మరణించిరి. ఆ కాల్పుల నుండియే స్వాతంత్ర్యోద్యమము తీవ్రమయ్యెను. మన సరిహద్దును గాచినవారి ఋణము మన పాఠ్యపుస్తకములలో నొక వాక్యమైనను నోచుకొనలేదు.

రెండవ సంగతి యింకను చేదుగా నుండును. ఎన్‌క్రూమా గాంధీమహాత్ముని మార్గమును గౌరవించి, 1950లో అహింసాత్మకమగు ప్రతిఘటనను నడపెను. 2016లో ఘనా విశ్వవిద్యాలయమున గాంధీ విగ్రహము మన రాష్ట్రపతిచే నావిష్కరింపబడెను. 2018 డిసెంబరులో నా విగ్రహము తొలగింపబడెను. దక్షిణాఫ్రికాలో యౌవనమున గాంధీ ఆఫ్రికావారిని గూర్చి చులకనగా వ్రాసిన వాక్యములను అచటి యాచార్యులు చదివి, నిరసన తెలిపిరి. ఆయన పిమ్మట ఎంతో మాఱెనని మనము చెప్పవచ్చును, చెప్పవలెను గూడ. కాని యొక్క మాట గమనింపుడు. వారు మనలను గూర్చి చదువుచున్నారు, ఆలోచించుచున్నారు, తీర్పు చెప్పుచున్నారు. మనము వారిని గూర్చి ‘కోకో, బంగారము’ అను రెండు మాటలకంటె నెక్కువ యెఱుగకున్న, ఆ సంభాషణమున మనకు నోరెట్లు వచ్చును?

ఆఫ్రికా విద్యార్థులు మన హైదరాబాదునకును, విశాఖపట్టణమునకును చదువు కొఱకు వచ్చుచున్నారు. వీథిలో వారిని చూచి నవ్వువారును, దేశము పేరైన నడుగక ‘ఆఫ్రికావాడు’ అని పిలుచువారును, ఇల్లు అద్దెకీయ జంకువారును మనలో లేరా? ఆ నవ్వు దుర్మార్గము వలన గాక తఱచుగా నజ్ఞానము వలన బుట్టుచున్నది. అజ్ఞానమునకు మందు పాఠశాల. అందుచేత మేము ఉపాధ్యాయులకును విద్యార్థులకును మూడు ప్రశ్నలను సూచించుచున్నాము. ఏ దేశమును గూర్చి చదివినను ఇవి యడుగవలెను. ఆ దేశపు జనులు తమ్ము దామేమని పిలుచుకొందురు? అచటి సరకును పండించువారెవరు, త్రవ్వువారెవరు, వారికి దక్కు పాలెంత? ఈ కథను మనకు చెప్పినది కొన్నవాడా, అమ్ముడుపోయినవాడా?

ఈ మూడు ప్రశ్నలకు పరీక్షలో మార్కులు లేకపోవచ్చును. అయినను ఇకమీదట భూగోళపు తరగతిలో ఘనా పేరు వచ్చినప్పుడు, మన విద్యార్థులు కోకో యని వ్రాసిన తోడనే కలమును క్రిందబెట్టక, ఎండలో గింజలను త్రిప్పుచున్న రైతును గూర్చి యొక్క వాక్యమైన వ్రాయుదురు గాక యని కోరుచున్నాము. మన నగరములలో అచటి విద్యార్థి తారసిల్లినచో, నీవే వారమున బుట్టితివని యడిగి, అతని పేరుతో పిలుచుటతో మొదలిడవచ్చును.